‘ఎవల్యూషనరీ’ అంటే మెల్లగా అనేనా?

ఇంగ్లిష్‌లో ‘ఎవల్యూషనరీ’ అనే విశేషణం రెండు రకాల రచనల్లో తరచుగా తగులుతుంది. పిట్టల ముక్కులు తరతరాలుగా ఎలా మారుతూ వచ్చాయో చెప్పే జీవశాస్త్ర వ్యాసం ఒకటి. ఫలానా దేశంలో చట్టాలు ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా మారాయని చెప్పే రాజకీయ వ్యాసం ఇంకొకటి. మాట ఒకటే కాబట్టి అర్థమూ ఒకటే అనుకుని చదువుకుంటూ పోతాం. తెలుగులోకి తెచ్చేటప్పుడు రెండు చోట్లా ‘పరిణామాత్మక’ అని రాసేస్తాం. కానీ ఆ రెండు వ్యాసాల్లో ఆ మాట చేస్తున్న పని వేరువేరు.

‘రాతి గోడ’, ‘రాతి గుండె’ అన్న మాటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. రాతి గోడలో ‘రాతి’ అంటే దేనితో కట్టారో చెబుతుంది. రాతి గుండెలో అది స్వభావం చెబుతుంది. ‘ఎవల్యూషనరీ బయాలజీ’ రాతి గోడ లాంటిది. జీవపరిణామానికి సంబంధించిన శాస్త్రం అని దాని అర్థం. ఆ శాస్త్రం మెల్లగా నడుస్తుందని ఎవరూ అనుకోరు. ‘ఎవల్యూషనరీ రిఫార్మ్’ రాతి గుండె లాంటిది. పాతదాన్ని కూల్చకుండా, కొద్దికొద్దిగా వచ్చిన సంస్కరణ అని చెప్పడం అక్కడ ఉద్దేశం. ఏది ఏదో తేల్చుకోవాలంటే, ఆ మాటకు ముందు ‘వెరీ’ (చాలా) చేర్చి చూస్తే చాలు. రెండో దానికి ‘వెరీ’ అతుకుతుంది. మొదటి దానికి అతకదు. ‘చాలా రాతి గోడ’ అని మనం అనలేనట్టే.

ఇంతవరకూ ఇది వ్యాకరణం సంగతి. అసలు గొడవ ఏమిటంటే, రెండో అర్థం మొదటి దాని నుంచి బలం తెచ్చుకుంటుంది. ఒక మార్పును ‘ఎవల్యూషనరీ’ అనగానే అది మెల్లనిదే కాక సహజమైనదని, మేలైన వైపే నడుస్తోందని, ఎవరూ తొందరపడక్కర్లేదని కూడా లోపల్లోపల అనిపిస్తుంది. ప్రకృతే అలా నడుస్తుంది కదా అన్న భరోసా ఆ మాటలో దాగి ఉంటుంది. ప్రకృతి నిజంగా అలాగే నడుస్తుందా అన్నది చూడాలి.

ముందు మాట పుట్టుక. లాటిన్‌లో ‘ఎవోల్వెరె’ అంటే చుట్టి ఉన్నదాన్ని విప్పడం. రోమన్ల కాలంలో పుస్తకం అంటే చుట్ట. దాన్ని విప్పుతూ చదివేవారు. విప్పేటప్పుడు కొత్తగా పుట్టేది ఏమీ లేదు, లోపల రాసి ఉన్నదే బయటపడుతుంది. 18వ శతాబ్దంలో హాలర్, బోనే వంటి శాస్త్రవేత్తలు ఈ మాటను సరిగ్గా అదే అర్థంలో పిండానికి వాడారు. ప్రాణి మొత్తం అతి చిన్న రూపంలో ముందే తయారై ఉంటుందని, పెరుగుదల అంటే అది విప్పుకోవడమేనని వాళ్ళ నమ్మకం. అంటే జీవశాస్త్రంలో ఈ మాట అడుగుపెట్టినప్పుడు దాని అర్థం, ఈనాడు మనం చెప్పుకునే అర్థానికి దాదాపు తలకిందులు.

చార్లెస్ డార్విన్ ఈ మాట జోలికి వెళ్ళడానికి చాలాకాలం ఇష్టపడకపోవడం గమనించదగ్గది. 1859 నవంబరు 24న వెలువడిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ మొదటి ముద్రణలో ‘ఎవల్యూషన్’ అనే నామవాచకం ఎక్కడా లేదు. ‘ఎవాల్వ్‌డ్’ అన్న క్రియారూపం మాత్రం పుస్తకం చిట్టచివరి మాటగా వస్తుంది. తన సిద్ధాంతాన్ని ఆయన ‘మార్పులతో కూడిన వంశానుక్రమం’ అనే అర్థం వచ్చే మాటలతో చెప్పాడు. ఎంత జాగ్రత్తగా ఎంచుకున్న మాటలో చూడండి. వంశం ఉంది, మార్పు ఉంది. పైకి ఎక్కడం లేదు, విప్పుకోవడం లేదు, గమ్యం లేదు. 1871 నాటి మానవ వంశం పుస్తకంలోనూ, 1872 నాటి ‘ఆరిజిన్’ ఆరో ముద్రణలోనూ ‘ఎవల్యూషన్’ కనిపిస్తుంది. అప్పటికే ఆ మాటను జనంలోకి తీసుకెళ్ళింది వేరే ఆయన, ఇంగ్లిష్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్. స్పెన్సర్ దృష్టిలో విశ్వం, జీవం, సమాజం, భాష అన్నీ సరళం నుంచి సంక్లిష్టానికి ఒకే సూత్రం ప్రకారం ఎదుగుతాయి. ఎవల్యూషన్ అంటే ఎదుగుదల అనే వాసన ఈ మాటకు అంటుకోవడంలో పెద్ద పాలు ఆయనదే. ఆ వాసన ఇప్పటికీ వదల్లేదు.

ఇక మెల్లదనం సంగతి. మార్పు మెల్లగానే జరుగుతుందని డార్విన్ గట్టిగా నమ్మాడు. ‘ప్రకృతి గెంతులు వేయదు’ అన్న పాత లాటిన్ సూత్రాన్ని పట్టుకున్నాడు. పుస్తకం విడుదలకు ఒక్క రోజు ముందు, 1859 నవంబరు 23న, జీవశాస్త్రవేత్త టి.ఎచ్. హక్స్‌లీ ఆయనకు రాసిన ఉత్తరంలో, ఆ సూత్రాన్ని అంత గట్టిగా పట్టుకుని అనవసరమైన ఇబ్బందిని నెత్తికెత్తుకున్నారని హెచ్చరించాడు. డార్విన్‌కు అంత అండగా నిలిచిన మనిషే ఆ మాట అన్నాడంటే, ‘మెల్లగా’ అన్నది సిద్ధాంతానికి ప్రాణం కాదని అప్పుడే కొందరికి తెలుసన్నమాట.

తర్వాతి పరిశీలనలు ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేశాయి. వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. పసిఫిక్ సముద్రంలోని గాలాపాగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి ఉంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడి ఫించ్ పిట్టల్ని పట్టుకుని, కాళ్ళకు రింగులు తొడిగి, ముక్కులు కొలిచి వదిలేవారు. ఇలా ఏళ్ళ తరబడి చేశారు. 1977లో ఆ దీవిలో వానలు పడలేదు. పిట్టలు ముందు మెత్తని చిన్న గింజల్ని తినేశాయి. చివరికి మిగిలినవి పెద్ద గట్టి గింజలు. పల్లేరు జాతి మొక్కల ముళ్ళ కాయలు వాటిలో ముఖ్యమైనవి. కాళ్ళకు పల్లేరు కాయ గుచ్చుకున్నవాళ్ళకు దాని గట్టిదనం తెలుసు. ఆ కాయను చీల్చి లోపలి గింజ తీయగలిగినవి లావు ముక్కు పిట్టలే. మధ్యరకం నేల ఫించ్‌లలో దాదాపు 85 శాతం ఆ కరువులో చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కు మందం సగటున అర మిల్లీమీటరు దాకా ఎక్కువ. ఆ లావు ముక్కు వాటి పిల్లలకూ వచ్చింది. మొత్తం కథకు పట్టింది లక్షల ఏళ్ళు కాదు, ఒక కరువు, ఆ తర్వాతి ఒక తరం.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1982-83లో ఎల్ నీనో (పసిఫిక్ సముద్రపు నీళ్ళు మామూలు కంటే వేడెక్కే స్థితి) వల్ల ఆ దీవిలో కుండపోత వానలు పడ్డాయి. మొక్కలు తామరతంపరగా మొలిచి చిన్న గింజలు విపరీతంగా రాలాయి. ఆ తర్వాతి ఏళ్ళలో మొగ్గు చిన్న ముక్కుల వైపు తిరిగింది. అంతకుముందు ఏది మేలో, అదే ఇప్పుడు భారమైంది. ఇందులో ఏది ‘ముందడుగు’ అని చెప్పగలం? లావు ముక్కా, సన్నముక్కా? ప్రశ్నే అర్థం లేనిది. ప్రకృతి వరణానికి, అంటే పరిస్థితికి సరిపోయినవి నిలిచి మిగతావి రాలిపోయే తీరుకు, నిన్నటి పరిస్థితి గుర్తుండదు, రేపటి పరిస్థితి తెలియదు. ఇవాళ ఏ గింజలు ఉన్నాయో అంతే.

ఇంతకంటే వేగంగా కూడా మార్పు రావచ్చు. మేకగడ్డం అని అర్థం వచ్చే ట్రాగొపోగన్ అనే యూరప్ మొక్కలు 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర అమెరికా పశ్చిమ భాగానికి చేరాయి. అక్కడ వేరువేరు జాతులు కలిసి, క్రోమోజోముల సంఖ్య రెట్టింపై, రెండు కొత్త జాతులు పుట్టాయి. వాటిని 1950లో గుర్తించి పేర్లు పెట్టారు. కొన్ని దశాబ్దాల్లో కొత్త జాతి! ఇటు శిలాజాల వైపు నుంచి నైల్స్ ఎల్‌డ్రెడ్జ్, స్టీఫెన్ జే గౌల్డ్ అనే శాస్త్రవేత్తలు 1972లో మరో సంగతి ముందుకు తెచ్చారు. చాలా జాతులు లక్షల ఏళ్ళు పెద్దగా మారకుండా ఉండి, భూగర్భ కాలం లెక్కలో చూస్తే కొద్ది కాలంలోనే మారిపోయినట్టు శిలాజాలు చూపుతున్నాయని వాళ్ళ వాదన. దీని మీద జీవశాస్త్రవేత్తలు చాలాకాలం గట్టిగా వాదించుకున్నారు. ఎవరి వాదన ఎంతవరకు నిలిచినా, జీవపరిణామం ఎప్పుడూ ఒకే నెమ్మది నడక నడుస్తుందని ఇవాళ ఎవరూ అనరు.

కాబట్టి ‘ఎవల్యూషనరీ’ అంటే ‘మెల్లగా’ అన్న అర్థం జీవశాస్త్రం ఇచ్చింది కాదనే చెప్పాలి. ఆ అర్థానికి అసలు ఆధారం ‘రెవల్యూషనరీ’ అనే ఎదురు మాట. ముందు ఒక్క ‘ర’ చేరితే విప్లవం, తీసేస్తే నెమ్మది మార్పు. ప్రాస అంత బాగా కుదిరాక మాటలు జంటగా స్థిరపడిపోయాయి. నిజానికి రెండూ ఒకే లాటిన్ ధాతువు పిల్లలు. ‘రెవల్యూషన్’కు మొదటి అర్థం తిరిగి రావడం, చుట్టూ తిరగడం. 1543లో కోపర్నికస్ పుస్తకం పేరులో ఉన్నది ఖగోళాల పరిభ్రమణమే. ఒకటి చుట్టు తిరగడం, ఇంకొకటి చుట్ట విప్పడం. వేగానికి, నెమ్మదికి ఆ ధాతువులో చోటే లేదు.

నెమ్మది కంటే ఎక్కువ హాని చేసింది ‘పైకి ఎక్కడం’ అన్న భావన. వంగి నడిచే కోతి దగ్గర మొదలై, ఒక్కో అడుగుకూ నిటారై, చివరికి మనిషిగా నిలబడే వరుస బొమ్మను చూడనివాళ్ళు ఉండరు. దానికి మూలం రుడాల్ఫ్ జాలింగర్ 1965లో ఒక పుస్తకం కోసం గీసిన చిత్రం. పరిణామం అనగానే కళ్ళ ముందు మెదిలేది ఆ బొమ్మే. కానీ వంశవృక్షం కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది, క్యూలో నిలబడదు. మెక్సికో గుహల్లోని చీకటి నీళ్ళలో బతికే చేపలకు తరాలు గడిచేకొద్దీ కళ్ళు పోయాయి. బద్దెపురుగుకు జీర్ణనాళమే లేదు. పోగొట్టుకోవడమూ పరిణామమే. జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ 1988లో ఒకే రకం బాక్టీరియాతో 12 ఫ్లాస్కులు మొదలుపెట్టి రోజూ పెంచుతూ పోయారు. 31 వేల తరాలు దాటాక ఒకే ఒక్క ఫ్లాస్కులో, గాలి ఉన్నప్పుడు సిట్రేట్ అనే రసాయనాన్ని తిని పెరగగల బాక్టీరియా పుట్టింది. మిగతా పదకొండింటిలో పుట్టలేదు. మొదలు ఒకటే, పరిసరాలు ఒకటే, అయినా ఫలితం ఒకటి కాలేదు. ‘ఎలాగూ అదే వస్తుంది’ అన్న భరోసా ప్రయోగశాలలో కూడా దొరకలేదు.

సమాజానికి ఈ మాటను వర్తింపజేసినవాళ్ళు మాత్రం మెట్ల వరుసనే తీసుకున్నారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ 1877లో మానవ సమాజాలన్నిటినీ ఆటవికం, అనాగరికం, నాగరికం అనే మెట్ల మీద నిలబెట్టాడు. ఎవరు పై మెట్టు మీద ఉంటారో చెప్పనక్కర్లేదు, మెట్లు గీసినవాళ్ళే. ఫ్రాంజ్ బోయాస్ వంటి మానవశాస్త్రవేత్తలు తర్వాత దీన్ని గట్టిగా ఎదిరించారు. ఒక్కో సమాజానికి దాని చరిత్ర దానికుందని, అన్నీ ఒకే దారిలో నడవాల్సిన పని లేదని చూపించారు. ఇటు ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో ‘యూజెనిక్స్’ అన్న పేరు పెట్టిన ఆలోచన, అంటే ‘మేలైన’ సంతతి కోసం ఎవరు పిల్లల్ని కనాలో ఎంచాలన్న ఆలోచన, 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బలవంతపు వంధ్యీకరణ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చట్టం దాకా నడిచింది. ప్రకృతి చేసే పనిని మనం కొంచెం తొందరగా చేస్తున్నాం అన్నది అప్పటి సమర్థన. ఒక మాట తప్పుగా అర్థమైతే ఏమవుతుందిలే అనుకునేవారు ఈ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టింది మనుషుల్ని.

రాజకీయాల్లో ‘ఎవల్యూషనరీ’కి ఇంకో మంచి ముఖమూ ఉంది. 1884 జనవరిలో లండన్‌లో మొదలైన ఫేబియన్ సొసైటీ, విప్లవం అవసరం లేకుండా కొద్దికొద్ది సంస్కరణలతో సోషలిజం తేవచ్చని నమ్మింది. హానిబాల్‌తో నేరుగా తలపడకుండా కాలం గడుపుతూ అలసిపోయేలా చేసిన రోమన్ సేనాని ఫేబియస్ పేరు పెట్టుకుంది. జర్మనీలో సోషలిస్టు నాయకుడు ఎడ్వర్డ్ బెర్న్‌స్టైన్ 1899లో ఇలాంటి వాదనే చేస్తే, ఆ పుస్తకం ఇంగ్లిష్ అనువాదానికి ‘ఎవల్యూషనరీ సోషలిజం’ అన్న పేరే పెట్టారు. నెత్తురు చిందకుండా మార్పు తేవాలన్న కోరిక గౌరవించదగ్గదే. చిక్కల్లా, మెల్లగా జరిగే మార్పు దానంతట అదే జరుగుతుందని అనుకోవడంలో ఉంది.

బ్రిటన్‌లో ఓటు హక్కు పెరిగిన తీరును ‘ఎవల్యూషనరీ’కి మచ్చుతునకగా చూపడం మామూలు. 1832, 1867, 1884, 1918, 1928. ఓటు చట్టాలు వచ్చిన ఏళ్ళను ఇలా వరసగా రాస్తే మెట్లెక్కినట్టే ఉంటుంది. కొంచెం దగ్గరికి వెళ్తే ఇంకోలా కనిపిస్తుంది. 1831లో సంస్కరణ బిల్లును ప్రభువుల సభ తిరస్కరించాక బ్రిస్టల్ నగరంలో రోజుల తరబడి అల్లర్లు జరిగాయి. 1832 చట్టం కొందరు మగవాళ్ళకు కొత్తగా ఓటిస్తూనే, ఓటరు అంటే ‘పురుషుడు’ అని చట్టంలో మొదటిసారి స్పష్టంగా రాసింది. అంటే ఆడవాళ్ళ విషయంలో అది ముందడుగు కాదు, తలుపు గట్టిగా మూయడం. కార్మికుల ఓటు హక్కు కోసం చార్టిస్టులనే ఉద్యమకారులు 1839, 1842, 1848లో ఇచ్చిన మహజర్లను పార్లమెంటు పక్కన పెట్టింది. ఓటు కోసం జైలుకు వెళ్ళిన మహిళలు నిరాహార దీక్షలు చేస్తే గొట్టాలతో బలవంతంగా తినిపించారు. 1918లో 21 దాటిన మగవాళ్ళందరికీ, 30 దాటి ఆస్తి అర్హత ఉన్న ఆడవాళ్ళకు ఓటు వచ్చింది. ఇద్దరికీ సమానంగా 21 ఏళ్ళకే ఓటిచ్చిన చట్టానికి 1928 జూలై 2న రాజముద్ర పడింది. ఆ పోరాటాన్ని నడిపిన ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ జూన్ 14న, ఇంకా మూడు వారాలు కూడా లేవనగా, కన్నుమూసింది.

ఈ చరిత్రను ‘క్రమంగా వచ్చిన మార్పు’ అనడం తప్పు కాదు, దాదాపు వందేళ్ళు పట్టింది కాబట్టి. కానీ ‘ఎవల్యూషనరీ’ అనేసరికి మార్పును ఎవరు అడిగారు, ఎవరు అడ్డుకున్నారు అన్నది వాక్యంలోంచి జారిపోతుంది. ఫించ్ పిట్ట లావు ముక్కు కావాలని కోరుకోలేదు. పాంక్‌హర్స్ట్ ఓటు కావాలని కోరుకుంది. ఈ తేడాను చెరిపేసే మాట ఎంత అందంగా ఉన్నా చరిత్ర రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టడమే మేలు.

అలాగని జీవశాస్త్రం బయట ఈ మాట ఎక్కడా చెల్లదని కాదు. మూడు విషయాలు ఉంటే నిక్షేపంగా చెల్లుతుంది. రకరకాలుగా ఉండాలి, ఆ తేడాలు తర్వాతి తరానికి అందాలి, వాటిలో కొన్నే నిలిచేలా ఏదో ఒక జల్లెడ ఉండాలి. జాన్ హాలండ్ 1975లో ఒక రూపానికి తెచ్చిన జెనెటిక్ అల్గారిదమ్‌లలో (రకరకాల జవాబుల్ని కలిపి, మార్చి, మేలైనవాటిని నిలిపే కంప్యూటర్ పద్ధతుల్లో) ఈ మూడూ ఉన్నాయి. 2006లో నాసా పంపిన ఎస్‌టీ5 చిన్న ఉపగ్రహాల యాంటెన్నాను ఇలాంటి పద్ధతితోనే కంప్యూటర్ రూపొందించింది. అడ్డదిడ్డంగా వంచిన కాగితాల క్లిప్పులా ఉంటుంది. ఏ ఇంజనీరూ కాగితం మీద అలా గీయడు, కానీ పని చేసింది. దాన్ని ‘ఎవల్యూషనరీ డిజైన్’ అనడం అక్షరాలా సరైనది. కంపెనీల అలవాట్లు, పని పద్ధతులు మార్కెట్ అనే జల్లెడలో ఎలా నిలుస్తాయో, ఎలా రాలిపోతాయో 1982లో ఆర్థికవేత్తలు నెల్సన్, వింటర్ వివరించిన ఆర్థిక సిద్ధాంతమూ ఆ కోవలోదే. భాషలో మాటలు పుట్టి, వాడుకలో నిలిచి, కొన్ని మరుగున పడిపోవడమూ అంతే, అక్కడ ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యరు. ఈ చోట్లన్నిటా ‘ఎవల్యూషనరీ’ వేగం గురించి ఏమీ చెప్పదు. మార్పు ఏ పద్ధతిలో జరిగిందో చెబుతుంది.

తెలుగు వైపు వస్తే, మనకున్న ‘పరిణామం’ మాటకు దాని చిక్కులు దానికున్నాయి. పత్రికల్లో ‘తాజా రాజకీయ పరిణామాలు’ అంటే ఈ మధ్య జరిగిన సంగతులు. ‘దుష్పరిణామం’లో అది ఫలితం. ‘జీవపరిణామం’లో డార్విన్. ఇంకా వెనక్కి వెళ్తే సాంఖ్య దర్శనంలోని పరిణామవాదం. పాలు పెరుగైనట్టు, కార్యం కారణంలో ముందే దాగి ఉండి బయటపడుతుందని అది చెబుతుంది. చుట్టలో ముందే రాసి ఉన్నది విప్పినప్పుడు బయటపడినట్టే! రెండు భాషలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ‘లోపల ఉన్నదే బయటికి రావడం’ అనే భావం ఉన్న పాత మాటనే తెచ్చి, దానికి పూర్తిగా వేరైన కొత్త పని అప్పజెప్పాయి. అయినా మన మాట ఒక రకంగా నయం. హిందీలో వాడే ‘వికాస’లో పువ్వు విచ్చుకోవడం, అభివృద్ధి అన్న పొగడ్త పుట్టుకతోనే ఉంది. ‘పరిణామం’లో పొగడ్త లేదు. మంచికీ చెడుకీ సమానంగా అతుకుతుంది, గుహ చేప కళ్ళు పోవడానికి కూడా.

అయితే ‘పరిణామం’లో ‘మెల్లగా’ అన్న అర్థమూ లేదు. అందుకే ‘ఎవల్యూషనరీ రిఫార్మ్’ను ‘పరిణామాత్మక సంస్కరణ’ అంటే తెలుగు పాఠకుడికి ఏమీ అందదు. ‘అంచెలంచెలుగా వచ్చిన సంస్కరణ’ అంటే వెంటనే తెలుస్తుంది. దశలవారీగా, క్రమక్రమంగా, మెల్లమెల్లగా అని సందర్భాన్ని బట్టి ఎంచుకోవడానికి మాటలకు కొదవ లేదు. ‘నటుడిగా ఎవాల్వ్ అయ్యాడు’ అన్నచోట ‘రాటుదేలాడు’ ఉంది, ‘పరిణతి చెందాడు’ ఉంది. గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడం పరిణామం కాదు, అది రూపవిక్రియ. ఒక ప్రాణి తన జీవితంలో మారడం వేరు, తరాలు గడిచేకొద్దీ జనాభా మారడం వేరు.

శాస్త్రార్థంలో వచ్చినప్పుడు మన సమాసం ఇంగ్లిష్ విశేషణం కంటే శుభ్రంగా పని చేస్తుంది. పరిణామ శాస్త్రం, పరిణామ వృక్షం, పరిణామ చరిత్ర అంటే చాలు, ‘ఆత్మక’ తగిలించనక్కర్లేదు. కష్టం వచ్చేది క్రియావిశేషణం దగ్గరే. జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ 1973లో ‘ఎవల్యూషనరీలీ స్టేబుల్ స్ట్రాటజీ’ అన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. ఒక గుంపులో దాదాపు అందరూ ఒక పద్ధతి పాటిస్తుంటే, వేరే పద్ధతితో పుట్టిన అరుదైన ప్రాణి ఆ గుంపులో పాగా వేయలేకపోతే, ఆ పద్ధతికి ఆ పేరు. దీన్ని ‘పరిణామాత్మకంగా స్థిరమైన వ్యూహం’ అని రాస్తే నెమ్మదిగా స్థిరపడే వ్యూహమేమో అనిపిస్తుంది. ‘పరిణామంలో నిలదొక్కుకునే వ్యూహం’ అని రాస్తే ఆ అనుమానానికి తావుండదు.